కొండ మీద ఆగిన కుర్రాడు

మా మావయ్యగారితో నేను మొదటిసారి గొడవ పడింది ఒక సైకిల్ కుర్రాడి గురించి. ఆ కుర్రాడు మాకు చుట్టం కాదు, మా వీధివాడు కాదు, మన దేశం వాడు కూడా కాదు. ఐరోపాలో ఏటా మూడు వారాల పాటు కొండలూ మైదానాలూ దాటుకుంటూ సాగే పెద్ద సైకిల్ పందెంలో, మా ఇంటి టీవీలో కనిపించిన మనిషి. అతని పేరు మాకు చాలా రోజులు తెలియలేదు. తెలిశాక ఇద్దరం రెండు రకాలుగా పలికాం, రెండూ తప్పే అయ్యుంటాయి. మాకు అతను "కుర్రాడు", అంతే. అతనికి కొండ ఎక్కే సత్తా ఉందా లేదా, ఉంటే దాన్ని ఎప్పుడు బయటపెట్టాలి అని ఒక జూలై నెలంతా మేమిద్దరం వాదించుకున్నాం. ఆ వాదనే లేకపోతే నేనీరోజు చేస్తున్న ఉద్యోగంలో ఉండేదాన్ని కాదు.

రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడి పదేళ్ళు దాటిన రోజులవి. నాకు పెళ్ళై ఆరు నెలలు. కాకినాడలో నర్సింగ్ చదివి, అక్కడే రెండేళ్ళు ఒక ఆసుపత్రిలో పనిచేసి, పెళ్ళితో రాయపూర్ వచ్చాను. అత్తవారిల్లు బీర్‌గావ్‌లో. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. మావయ్యగారు పాలకొల్లు వైపు నుంచి ఇరవై ఏళ్ళప్పుడు వచ్చి, ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో ముప్పై అయిదేళ్ళు ఫిట్టర్‌గా చేసి, ఆ ముందటేడే రిటైరయ్యారు. మా ఆయన రైల్వేలో గుమాస్తా. పై మెట్టుకి వెళ్ళడానికి డిపార్ట్‌మెంటు పరీక్ష రాయాలి. రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పారు. నేను కాపురానికి వచ్చేసరికి మూడోసారికి చదువుతున్నారు.

పరీక్ష ఆయనదే కానీ, చదివింది ఇల్లంతా అనుకోవాలి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా గట్టిగా తుమ్మడానికి కూడా లేదు. మా అత్తయ్యగారు కుక్కర్ రెండో విజిల్ దగ్గరే దించేసేవారు. పప్పు పలుకుపలుకుగా ఉన్నా ఎవరూ నోరు మెదపకూడదు. మావయ్యగారు టీవీ చూసుకోవచ్చు, కానీ శబ్దం పూర్తిగా తీసేసి చూడాలి. పాపం ఆయన వార్తలు కూడా అలాగే చూసేవారు, మనుషులు నోళ్ళు కదుపుతుంటే.

పెళ్ళైన అయిదో నెలలో నాకొక ఉత్తరం వచ్చింది. చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రిలో, గుండె ఆపరేషన్ అయినవాళ్ళని చూసుకునే నర్సింగ్‌లో ఏడాది శిక్షణ. పెళ్ళికి ముందు దరఖాస్తు పెట్టి మరిచిపోయిన సంగతి. సీటు వచ్చింది, ఆగస్టు మొదట్లో చేరాలి, వస్తున్నదీ లేనిదీ జూలై ఆఖరి సోమవారానికల్లా తెలియజేయాలి అని అందులో ఉంది. నేను ఆ ఉత్తరం పట్టుకుని వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మా ఆయన చదివి, మడిచి, నా చేతికే ఇచ్చారు. "ఈ ఒక్క పరీక్షా అయిపోనీ. వచ్చే ఏడాది వెళ్దువుగాని" అన్నారు. కసిరి చెప్పలేదు, బతిమాలినట్టే చెప్పారు. అత్తయ్యగారు "ఏడాదంటే ఎంతలో పోతుందే" అన్నారు. వచ్చే ఏడాది మళ్ళీ సీటిస్తారని చెప్పే నాథుడు లేడు. ఆ మాట నేను అనలేదు. కొత్త కోడలిని. ఉత్తరం పెట్టెలో చీరల అడుగున పెట్టేశాను, కోపం మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అలాంటి ఒక సాయంత్రం మావయ్యగారు చానెళ్ళు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయారు. రోడ్డు నిండా సైకిళ్ళు. నూరుమందికి పైనే ఉంటారు, ఒకరినొకరు రాసుకుంటూ వస్తున్నారు.

"ఏంటిది, ఏదో మిల్లు షిఫ్టు ఒదిలినట్టుందే!" అన్నారు చిన్న గొంతుతో.

నాకు నవ్వొచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. మావయ్యగారు కూర్చున్నచోట కోడలు కుర్చీలో కూర్చోకూడదని అత్తయ్యగారి పట్టింపు. మా పుట్టింట్లో ఇలాంటివి లేవు కానీ, ఏ ఊరి నీళ్ళు తాగితే ఆ ఊరి మాట అని నిలబడేదాన్ని. ఆ మర్నాడు కూడా అదే వచ్చింది. ఆ మర్నాడూ. నాలుగో రోజుకి నేను పీట తెచ్చుకుని గుమ్మంలో వేసుకున్నాను. పీట కుర్చీ కాదు కదా.

శబ్దం లేదు కాబట్టి పందెం నియమాలు మాకు మేమే కనిపెట్టుకోవాల్సి వచ్చింది. రోజూ గీత ముందు దాటినవాడొకడైతే, పసుపు చొక్కా ఎక్కడో ఇరవయ్యోవాడికి తొడుగుతుంటే "ఇక్కడ కూడా సిఫార్సేనా!" అని మావయ్యగారు బాధపడ్డారు. అన్ని రోజుల సమయం కలిపి చూస్తారని, మొత్తం మీద తక్కువ సమయం తీసుకున్నవాడిదే ఆ చొక్కా అని నాలుగు రోజులకి నేను లెక్కగట్టి చెప్పాను. ఒకే రంగు బట్టలు వేసుకున్నవాళ్ళు ఒక జట్టని ఆయన చెప్పారు. అందరూ బారుగా ఒకరి వెనక ఒకరు ఎందుకు వెళ్తారో మాత్రం నాకు బోధపడలేదు. అది ఆయనకి చూడగానే తెలిసిపోయింది.

"వేసవిలో ఉర్లా రోడ్డు మీద లూ, అదే వడగాలి, కొడతా ఉంటే మేం ఎనిమిది మందిమి ఇలాగే ఎల్లేవాళ్ళం అమ్మా. ముందున్నోడు గాలి తింటాడు. పది కరెంటు స్తంభాలు దాటాక ఆడు పక్కకి తప్పుకుని ఎనక్కొచ్చేత్తాడు, రెండోవాడు ముందుకెల్తాడు. ఒక్కడే ముందుంటే డ్యూటీకి ఎల్లేసరికి బేకార్ అయిపోతాడు."

ఆరు నెలల్లో మావయ్యగారు నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. అంతకుముందు మా మధ్య నడిచినవి "టీ", "పెట్టెయ్", "చాలు". నీలం చొక్కా జట్టు మా కంట పడిందీ ఆ రోజే.

ఆ జట్టులో ఇద్దరి మీద మా దృష్టి పడింది. ఒకాయన జట్టుకి పెద్ద. ముఖం నిండా గీతలు, గెలుపులు చాలా చూసిన మనిషని కూర్చున్న తీరులోనే తెలిసేది. రెండోవాడు ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటుంది, బక్కగా, చెవులు బయటికి. పందెం కొండల్లోకి వెళ్ళాక తక్కినవాళ్ళంతా రాలిపోతే ఈ కుర్రాడు మిగిలేవాడు. పెద్దాయనకి ముందు తాను తొక్కుతూ, ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి చూసేవాడు. పెద్దాయన కాస్త వెనకబడితే కాళ్ళు ఆపి కలుపుకునేవాడు.

"శభాష్. అదీ పద్ధతి" అన్నారు మావయ్యగారు.

"అతను ఇంకా వేగంగా వెళ్ళగలడండి. ఆపుకుంటున్నాడు" అన్నాను నేను.

"ఎక్కడ? ఆడికి కొండెక్కడం రాదు. చిన్న గేరు పన్ను వేసుకుని ఊరికే తిప్పేత్తన్నాడు. మిషను తిరిగినంత మాత్రాన పనైనట్టా? పెద్దాయన్ని చూడు, పెద్ద పన్ను వేసి ఒక్కొక్క తొక్కుడూ ఎలా దించుతున్నాడో. అదీ బలం."

ఆయన చూసింది యంత్రాన్ని. నేను చూసింది మనిషిని. వార్డులో నాడి పట్టుకునేటప్పుడు గడియారం చూసే అలవాటు కదా, కుర్రాడి మోకాలు ఎన్నిసార్లు పైకి లేస్తోందో పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. ఇరవై రెండు. నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి ఎనభై ఎనిమిది. కొండ మొదట్లోనూ అంతే, చివర్లోనూ అంతే. పెద్దాయన మొదట్లో పద్ధెనిమిది, చివరికి పదిహేను. పైగా పెద్దాయన నోరు తెరుచుకుపోయింది, భుజాలు ఊగుతున్నాయి. కుర్రాడి నోరు మూసే ఉంది.

"ఊపిరి మిగిలున్నవాడే నోరు మూసుకోగలడండీ" అన్నాను.

"టీవీలో వాడికి కూడా నాడి చూసేత్తన్నావా?" అని నవ్వారు. "సరే, దమ్ముందనుకో. అయినా ముందుకెల్లకూడదు. ఎల్తే గాలి తింటాడు."

"కొండ మీద అంత నెమ్మదిగా పోతుంటే గాలెక్కడిదండి మావయ్యగారూ? మన ఉర్లా రోడ్డు కాదు కదా అది."

ఇది ఆయనకి కొత్త సంగతి. రాయపూర్ చుట్టుపక్కల ఎంత దూరం తొక్కినా నేల అరచెయ్యిలాగే ఉంటుంది. ముప్పై అయిదేళ్ళు సైకిల్ తొక్కిన మనిషికి శత్రువంటే గాలే కానీ ఎత్తు కాదు. ఆయన ఎక్కిన కొండ ఒక్కటే, మా పక్కనున్న రైల్వే ఓవర్‌బ్రిడ్జి.

ఆ బ్రిడ్జినే పట్టుకున్నారు. "ఏముందమ్మా అందులో, మన ఓవర్‌బ్రిడ్జి లాంటిదే. కాస్త పొడుగు, అంతే. నేను రోజూ రెండుసార్లు ఎక్కలేదా, టిఫిన్ క్యారేజీతో సహా?"

అప్పటికి నాలో ఉత్తరం తాలూకు ఉడుకంతా పేరుకుని ఉంది. టీవీలో ఎవరో కుర్రాడు ఆగుతుంటే, శభాష్ అంటున్నారు. నన్నూ ఆగమనే కదా అన్నారు. గొంతు లేచిపోయింది.

"ఓవర్‌బ్రిడ్జి వాలు ఎంతో మీకు తెలుసా అసలు? ఎప్పుడైనా కొలిచారా?"

వంటింట్లో అత్తయ్యగారి గరిటె ఆగిపోయింది. లోపలి గదిలో మా ఆయన పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది. మావయ్యగారు మాత్రం నావైపు చూడలేదు, గోడ వైపు చూస్తున్నారు. "లేదు. కొలవలేదు" అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఆయన వరండాలో తయారుగా ఉన్నారు. భుజానికి చుట్ట చుట్టిన పారదర్శకమైన గొట్టం, చేతిలో రెండు కర్రలు, ఒక్కోదానికి ఇనుప స్కేలు కట్టి. మిల్లులో యంత్రాలు బిగించేముందు నేల సమంగా ఉందో లేదో చూసే నీళ్ళ గొట్టం అది. మట్టం బాగా కనపడాలని ఆ నీళ్ళలో చిటికెడు బట్టల నీలం కలిపారు.

"కొలవకుండా మాట్లాడకూడదు, ఫిట్టర్‌నై ఉండి మాట్లాడేశాను. పద" అన్నారు.

నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఇంట్లో ఒక పిచ్చి చాలదన్నట్టు" అని లోపలికి వెళ్ళిపోయారు. దాన్ని నేను అనుమతి కింద తీసుకున్నాను.

ఓవర్‌బ్రిడ్జి మొదట్లో కింద కర్ర నేను పట్టుకున్నాను, పది మీటర్ల గొట్టం లాక్కుంటూ పైకి వెళ్ళి రెండో కర్ర ఆయన పట్టుకున్నారు. నీళ్ళు ఊగి ఊగి నిలబడ్డాక నేను నా అంకె అరిచాను, ఆయన తన అంకె అరిచారు. కోడలు మావగారికి అంకెలు కేకలేసి చెప్పడం నడిరోడ్డు మీద! షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు దిగి మరీ చూశారు. పది మీటర్ల దూరానికి నలభై సెంటీమీటర్ల ఎత్తు తేలింది. ఆయనకి నమ్మకం కుదరలేదు. ఇంకా పైన ఇంకో మూడు చోట్ల కొలిపించారు. అటూ ఇటూగా అంతే.

వంతెన మొదట్లో అటుకుల పోహా, జిలేబీ అమ్మే బండాయన పనాపి మా దగ్గరికి వచ్చాడు. "నాపత్ హవ్ కా సాహెబ్? హమర్ ఠేలా లా హటాహూ కా?" అని చేతులు జోడించాడు. కొలుస్తున్నారు కదా, మా బండి తీయించేస్తారా అని అతని భయం.

"నహీ గా, సైకిల్ బర్ నాపత్ హన్" అన్నారు మావయ్యగారు, సైకిల్ కోసం కొలుస్తున్నామని. అబద్ధం లేదు అందులో. కానీ పొద్దున్నే ఒక పెద్దమనిషి, ఒక ఆడమనిషి గొట్టాలూ స్కేళ్ళూ పట్టుకుని సైకిల్ కోసం వంతెన కొలుస్తున్నారంటే ఎవరు నమ్ముతారు? అతను మాకు ఒక్కొక్క ప్లేటు పోహా, దాని మీద రెండేసి జిలేబీలు పెట్టాడు. డబ్బులిస్తే పుచ్చుకోడే!

ఆ సాయంత్రం అత్తయ్యగారు బజారు నుంచి పరుగులాంటి నడకతో వచ్చారు. "విన్నారా? ఓవర్‌బ్రిడ్జి కింద కొట్లన్నీ కొట్టేత్తారంట! కార్పొరేషన్ నుంచి ఎవరో ముసలాఫీసరు, ఒక మేడమూ వచ్చి కొలతలు పట్టుకెళ్ళారంట!" అని చెప్పి, మా ఇద్దరి మొహాలూ చూసి, సంచి అక్కడే వదిలేసి నెత్తి కొట్టుకున్నారు. చీకటి పడేలోపు అయిదుగురు కొట్లవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఒకాయన చేతిలో మిఠాయి పొట్లం కూడా. మావయ్యగారు వాళ్ళందరినీ టీవీ ముందు కూర్చోబెట్టి, కొండ చూపించి, గొట్టం చూపించి చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మా ఆయన చదువు ఆ రోజుకి గోవిందా. ఆయన తలుపు తీసి చూసి, మళ్ళీ వేసేసుకున్నారు.

జనం వెళ్ళిపోయాక మావయ్యగారు తెర మీద మూలన పడే అంకె చూశారు. తొమ్మిది అని ఉంది. అంటే వంద మీటర్లకి తొమ్మిది మీటర్ల ఎత్తు. మన వంతెన నాలుగు. మనది ఆ చివర నుంచి ఈ చివరకి పావు కిలోమీటరు ఉంటుందో లేదో, వాళ్ళ కొండ పన్నెండు కిలోమీటర్లు. ఆయన మోకాళ్ళు రెండు చేతులతో రుద్దుకున్నారు, తానే ఎక్కినట్టు.

"పొరపాటు నాదేనమ్మా. ఆడు ఎక్కగలడు. నోరు మూసుకుని ఎక్కుతున్నాడంటే ఆడు మామూలోడు కాదు" అన్నారు.

మా నాన్నతో సహా, ఆ వయసు మగవాళ్ళెవరూ నా ఎదుట అలా ఒప్పుకోగా నేను వినలేదు. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క మాటకి ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అయితే వెంటనే, "ఎక్కగలగడం వేరు, ఎక్కాల్సిన టైము వేరు. పెద్దాయన ఎనకుండగా ఆడు ఎల్లకూడదు. అది మాత్రం నేను మార్చను" అని కూడా అన్నారు. రోజూ సాయంత్రం మా వాదన ఇక ఆ ఒక్కదాని మీదే. ఆయన విధేయత అనేవారు, నేను అన్యాయం అనేదాన్ని. ఉత్తరం పేరు ఇద్దరిలో ఎవరం ఎత్తలేదు. కానీ నేను ఎవరి గురించి అంత వేడిగా మాట్లాడుతున్నానో ఇంట్లో అందరికీ తెలుసు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మా ఆయన మీద చదివేవాళ్ళకి చెడ్డ అభిప్రాయం మిగిలిపోతుంది. ఆ ఏడాది ఆయన మూడోసారి కూడా తప్పారు. "నువ్వు వెళ్ళినందుకు కాదు, ఉన్నా తప్పేవాణ్ణే, నాకా లెక్కల పేపరే ఎక్కదు" అని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. నాలుగోసారికి గట్టెక్కారు. అప్పటికి నేను రాయపూర్‌లోనే గుండె జబ్బుల వార్డులో చేరాను. ఇప్పుడు అదే ఊళ్ళో శంకర్ నగర్‌లో ఉంటున్నాం. పరీక్షలో తప్పానని భార్యకి నవ్వుతూ చెప్పగలిగిన మనిషి దొరకడం తక్కువ అదృష్టం కాదు.

ఇక ఆ శనివారం. సోమవారం గడువు. పందెంలో అదే ఆఖరి పెద్ద కొండ. మొత్తం సమయంలో నీలం జట్టు పెద్దాయన రెండో స్థానం, కుర్రాడు మూడు. ఇద్దరికీ మధ్య తేడా నిమిషం కూడా లేదు. పసుపు చొక్కా వాడు ఆ రోజు అలిసిపోయి ఉన్నాడని మొదటి మలుపులోనే తెలిసింది. మావయ్యగారు కుర్చీ అంచుకి వచ్చారు. నేను పీట మీద, చేతి గడియారంతో.

కొండ ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా ముందు నలుగురే మిగిలారు. మా కుర్రాడు వాళ్ళలో ఉన్నాడు. పెద్దాయన నాలుగు అంగలు వెనకబడ్డాడు, తర్వాత పది అంగలు. నేను లెక్కపెట్టాను. పదిహేను సెకన్లకి పదమూడు. కుర్రాడికి ఇరవై మూడు. పసుపు చొక్కా వాడు నోరు తెరిచి, తల వేలాడేశాడు. దారి ఖాళీగా ఉంది.

"వెళ్ళిపో" అన్నాను పైకే.

కుర్రాడు చెవిలోని యంత్రం మీద వేలు పెట్టుకున్నాడు. జట్టువాళ్ళెవరో అందులో ఏదో చెప్పారు. వెనక్కి తిరిగి చూశాడు. ముందుకి చూశాడు. మళ్ళీ వెనక్కి. కాళ్ళు ఆపేశాడు. ముందు ముగ్గురూ మలుపు తిరిగి కనపడకుండా పోయారు. అతను రోడ్డు పక్కగా దాదాపు నిలబడినంత నెమ్మదిగా, పెద్దాయన వచ్చేదాకా ఎదురుచూశాడు. వచ్చాక తాను ముందు సాగాడు. కానీ పెద్దాయన అతని వెనక కూడా రాలేకపోయాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ. నేను కుర్రాడి మోకాలు లెక్కపెట్టాను. పద్నాలుగు. అతను అలిసిపోయి కాదు, ఆపుకుని.

ఇద్దరూ పైకి చేరేసరికి అయిదు నిమిషాలు పోయాయి. పెద్దాయనకి రెండో స్థానం పోయింది, కుర్రాడికి మూడూ పోయింది. పెద్దాయన సైకిల్ దిగి కుర్రాడి భుజం మీద చెయ్యి వేశాడు. కుర్రాడు ఆ చెయ్యి తీయలేదు, అలాగని అతని వైపు చూడనూ లేదు.

నేను గెలిచిన వాదన అది. కళ్ళనీళ్ళు ఆగలేదు నాకు.

మావయ్యగారు టీవీ కట్టేశారు. చీకటి తెర వైపు చూస్తూనే అన్నారు. "నేనూ ఆగేనమ్మా. ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు వేరే మిల్లు వాళ్ళు నన్ను ఫోర్‌మన్‌గా రమ్మన్నారు. మా మేస్త్రీ, నాకు పని నేర్పినాయన, ఈ ఒక్క ఏడాదీ ఉండరా, నేను రిటైరయ్యాక ఎల్దువుగాని అన్నాడు. ఉండిపోయేను. ఆయన మంచోడే. నా భుజం మీద కూడా చెయ్యేశాడు." రిమోటు పక్కన పెట్టేసి, "ఆ మిల్లువాళ్ళు మళ్ళీ పిలవలేదు" అన్నారు.

వంటింట్లో అత్తయ్యగారు ఇదంతా వింటున్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడకి కూడా ఈ సంగతి తెలియదని ఆ తర్వాత నాతో చెప్పారు.

భోజనాల వేళైంది. మా ఇంట్లో ముందు మగవాళ్ళు తినడం, తర్వాత మేం. ఆ రోజు, అన్నం ముందు ఎప్పుడూ చేసుకునే ప్రార్థన అయ్యాక మావయ్యగారు "నలుగురం తిందాం, కూచోండి" అన్నారు. అత్తయ్యగారు నా వంక చూసి, తానే ముందు కూర్చున్నారు. అన్నం కలుపుతూ ఆయన కొడుకుతో అన్నారు.

"సోమవారం లోపల అమ్మాయి ఆ చెన్నై వాళ్ళకి వత్తానని చెప్పాలి."

"నాన్నా, పరీక్ష…"

"నీ కొండ నువ్వెక్కు. అమ్మాయి నీ కోసం ఆగితే నువ్వు జల్దీ ఎక్కేత్తావా? ఇవాళ చూశాం కదా, ఇద్దరూ పోయారు."

మా ఆయన ముద్ద పట్టుకుని ఆగిపోయారు. "ఎవరు పోయారు?" అన్నారు కంగారుగా.

మరి ఆయనకి ఏం తెలుసు, మూడు వారాలుగా తలుపేసుకుని చదువుతున్నారు! ఎవరో చుట్టాలు పోయారనుకున్నారు. దాంతో నేను మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. పసుపు చొక్కా, నీలం జట్టు, గొట్టం, వంతెన, తొమ్మిది, నాలుగు, ఇరవై మూడు, పద్నాలుగు. మధ్యలో మావయ్యగారు అందించారు. అత్తయ్యగారు కూడా రెండు చోట్ల నన్ను సరిదిద్దారు. వంటింట్లోంచి ఆవిడ కూడా రోజూ చూస్తున్నారన్నమాట. ఆయన అంతా విన్నారు. పట్టుకున్న ముద్ద పళ్ళెంలో పెట్టేసి, "అంటే ఆ వెనకబడిపోయిన పెద్దాయన్ని నేనా?" అన్నారు.

అత్తయ్యగారు ముందు నవ్వారు. తర్వాత అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు కానీ, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆ నవ్వు వెనక నొప్పి ఉందని నాకు తెలుసు. గిన్నెలు కడుగుతున్నా మనసంతా ఆ తలుపు మీదే. ఇప్పుడు ఆయన బయటికి వచ్చి, వద్దంటే, మావయ్యగారి మాట మీద నేను వెళ్ళగలనా? వెళ్ళినా అది వెళ్ళడమేనా? ఆ అరగంట నాకు ఎంత పొడుగైందో చెప్పలేను.

తలుపు తీసి ఆయన తిన్నగా వంటింట్లోకి వచ్చారు. చేతిలో రైల్వే రిజర్వేషన్ ఫారం, పెన్ను. రైల్వే గుమాస్తా ఇంట్లో అవి ఎప్పుడూ ఉంటాయి. నా పేరు, వయసు, రాయపూర్ నుంచి చెన్నై, అన్నీ గుండ్రటి అక్షరాలతో నింపేశారు. ఆగస్టు తేదీ కూడా. కింద తిరుగు ప్రయాణం వివరాలు రాసే చోటు మాత్రం ఖాళీగా ఉంది.

"ఇక్కడ సంతకం పెట్టు. పొద్దున్నే కౌంటర్ తెరవగానే వెళ్తాను" అన్నారు.

"ఇదేంటండీ, ఇది ఖాళీగా వదిలేశారు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అది నేనెవర్ని రాయడానికి? నీ పని ఎప్పుడవుతుందో నీకు కదా తెలుస్తుంది. అయ్యాక నువ్వే వేసుకో" అన్నారు.

చేతులు తడిగా ఉన్నాయని కూడా చూసుకోలేదు నేను. సంతకం పెడుతుంటే కాగితం సగం తడిసింది. ఆయన దాన్ని తీసుకెళ్ళి, ఫ్యాను కింద తన పరీక్ష పుస్తకం మీదే ఆరబెట్టుకున్నారు.